ఇంటి నుంచే మానసిక ఆరోగ్య సలహా: తెలుగులో తొలి అడుగు

లాల్‌పేట్‌లోని తెలుగు ఇళ్లలో మనసు బాధను చెప్పడానికి రెండు పాత మాటలు ఉన్నాయి: రంది, మనాది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి బొగ్గు గనుల పనికి వచ్చిన తరం తన వెంట తెచ్చుకున్న మాటలివి. రంది అంటే లోలోపల తొలుస్తూ ఉండే చింత. ఆ చింత ముదిరి మనిషి తిండిని, నిద్రను, పనిని దెబ్బతీస్తే దానిని మనాది అంటారు. దవాఖానలో మరాఠీలోనో హిందీలోనో "ఏమవుతోంది?" అని అడిగినప్పుడు ఈ మాటలు నోటికి రావు. తలనొప్పి, నిద్రలేమి, టెన్షన్ అనే మూడు ముక్కలతో సంభాషణ ముగిసిపోతుంది. తలనొప్పికి మాత్ర దొరుకుతుంది. రంది మాత్రం అలాగే ఇంటికి తిరిగి వస్తుంది.

మనసుకు సంబంధించిన చికిత్సలో మాటే ప్రధాన సాధనం. రక్తపరీక్షలో రంది కనిపించదు, ఎక్స్‌రేలో మనాది పడదు. రోగి చెప్పినదే వైద్యునికి ఆధారం. అందువల్ల తన భాషలో చెప్పుకోగలగడం ఇక్కడ సౌకర్యం మాత్రమే కాదు, చికిత్సలో భాగం. ఇంటి నుంచే ఫోను ద్వారా, వీడియో ద్వారా సలహా పొందే పద్ధతి వచ్చిన తరువాత చంద్రపూర్‌లో నివసించే తెలుగువారికి తెలుగు తెలిసిన సలహాదారును చేరుకునే దారి ఏర్పడింది. ఆ దారిలో తొలి అడుగు ఎలా వేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎప్పుడు సలహా తీసుకోవాలి?

దుఃఖం, భయం, కోపం అందరికీ కలిగేవే. అవి వచ్చి పోతున్నంత కాలం చికిత్స అవసరం ఉండదు. అయితే దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే, నిద్ర, ఆకలి, పని, ఇంటివారితో సంబంధాలు దెబ్బతింటుంటే, అప్పుడు సలహా తీసుకోవడం మంచిది. కారణం తెలియని గుండెదడ, ఊపిరి ఆడనట్లు ఉండడం, పరీక్షలలో ఏమీ తేలని ఒంటినొప్పులు కూడా కొన్నిసార్లు మనసు బాధకు గుర్తులే. ప్రసవం తరువాత వారాల తరబడి ఏడుపు ఆగని తల్లి, భార్య మరణించాక ఎవరితోనూ మాట్లాడని విశ్రాంత కార్మికుడు, పరీక్షల భయంతో తిండి మానేసిన విద్యార్థి, తాగుడు మానాలనుకుని మానలేకపోతున్న ఇంటి పెద్ద, వీరందరూ సలహా పొందదగినవారే.

ఈ బాధ అరుదైనది కాదు. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. సమస్య రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే పేర్కొన్నది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనన్న బెరుకు దీనికి ఒక ముఖ్య కారణం. ఇంటి నుంచి మాట్లాడే పద్ధతి ఆ బెరుకును కొంతవరకు తగ్గిస్తుంది.

మహాకాళి అమ్మవారికి మొక్కుకున్నవారు, ఊరి దేవరకు ముడుపు కట్టినవారు సలహా తీసుకోకూడదని ఏమీ లేదు. మొక్కు ధైర్యాన్ని ఇస్తుంది. చికిత్స దాని పని అది చేస్తుంది. రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఎవరు ఏ పని చేస్తారు?

మూడు రకాల నిపుణుల మధ్య తేడా తెలిస్తే తికమక తగ్గుతుంది. కౌన్సిలర్ బాధను విని, సమస్యను విడదీసి చూడడానికి, తక్షణం చేయదగిన పనిని నిర్ణయించుకోవడానికి తోడ్పడతారు. క్లినికల్ సైకాలజిస్టు ఒక పద్ధతి ప్రకారం వారాల తరబడి సంభాషణల ద్వారా చికిత్స చేస్తారు. వీరి పేరు భారత పునరావాస మండలిలో నమోదై ఉంటుంది. సైకియాట్రిస్టు మనోరోగ చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు. మందులు రాసే అధికారం ఈ ముగ్గురిలో వైద్యునికి ఉంటుంది. కౌన్సిలర్ మాత్ర పేరు చెప్పి వాడమంటే వినకూడదు.

మొదటి ఫోను: 14416

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి అన్నిటికంటే సులభమైన మార్గం 14416. ఇది కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నడిపే టెలీ మానస్ సేవ. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ఇది ప్రారంభమైంది. రాత్రింబగళ్లు పనిచేస్తుంది. ఫోను చేసినందుకు గానీ, సలహాకు గానీ రుసుము లేదు. మామూలు బటన్ ఫోను ఉన్నా చాలు. తెలుగుతో సహా 20 భాషలలో సేవ అందించే ఏర్పాటు ఇందులో ఉంది.

ఫోను కలిసినప్పుడు ముందుగా భాషను ఎంచుకోమని రికార్డు చేసిన గొంతు అడుగుతుంది. తొందరపడకుండా చివరి వరకు విని తెలుగుకు చెందిన అంకెను నొక్కాలి. మరాఠీ లేదా హిందీ మాట్లాడే వ్యక్తి ఫోనెత్తితే పెట్టేయవలసిన పని లేదు. "మలా తెలుగూత్ బోలాయ్‌చే ఆహే" అని మరాఠీలో గానీ, "ముఝే తెలుగు మే బాత్ కర్నీ హై" అని హిందీలో గానీ ఒక్క వాక్యం చెబితే సరిపోతుంది. ఈ వాక్యాన్ని ఒక కాగితం మీద రాసి ఫోను దగ్గర పెట్టుకోవడం పెద్దలకు ఉపయోగకరం.

ఆ తరువాత ఏం చెప్పాలన్న సంకోచం సహజం. పుస్తక భాష అవసరం లేదు. "నెల దినాల సంది నిద్ర పడతలేదు. పొద్దుగూకంగనే గుండెల గుబులైతది" అన్న మాటలే చాలు. మిగిలినది అవతలివారు ప్రశ్నలతో రాబడతారు. మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సిలర్. సమస్య తీవ్రమైనదైతే రెండవ అంచెలోని నిపుణునికి అప్పగిస్తారు, లేదా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు దారి చూపుతారు. బాధపడే వ్యక్తి తాను మాట్లాడటానికి ఇష్టపడకపోతే, ఎలా ఆదుకోవాలో అడగడానికి ఇంట్లోవారు కూడా ఫోను చేయవచ్చు.

దూరాన ఉన్న తెలుగు వైద్యుడు

ఒక్క ఫోనుతో తీరని సమస్యకు క్రమంగా జరిగే చికిత్స కావాలి. చంద్రపూర్‌లో ఉండి కరీంనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న తెలుగు సైకియాట్రిస్టును వీడియోలో సంప్రదించవచ్చా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. సంప్రదించవచ్చు. 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం నమోదైన వైద్యుడు దేశంలో ఏ ప్రాంతంలో ఉన్న రోగికైనా ఈ పద్ధతిలో సలహా ఇవ్వవచ్చు. రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు.

అయితే కొన్ని నియమాలు ఉన్నాయి. వైద్యుడు తన పేరు, అర్హత తెలపాలి. మందుల చీటీ మీద వైద్య మండలి ఇచ్చిన నమోదు సంఖ్య ఉండాలి. రోగి తన పేరు, వయసు, చిరునామా సరిగా చెప్పాలి. పిల్లల విషయంలో పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి. అలవాటుగా మారే ప్రమాదం ఉన్న కొన్ని మందులను ఈ పద్ధతిలో రాయకూడదు. "ఒకసారి నేరుగా రావాలి" అని వైద్యుడు అన్నప్పుడు దానిని నిరాకరణగా భావించకూడదు, అది నియమాన్ని పాటించడమే. అడిగిన నిద్రమాత్రనల్లా వీడియోలో రాసిచ్చేవారి పట్లే జాగ్రత్తగా ఉండాలి.

దూరపు వైద్యునికి తప్పక ఇవ్వవలసిన వివరాలు రెండు: రోగి ఆ సమయంలో ఉన్న ఇంటి చిరునామా, దగ్గరలో ఉన్న ఒక నమ్మకస్తుని ఫోను నంబరు. సంభాషణ మధ్యలో ప్రమాదం కనిపిస్తే హైదరాబాద్‌లో ఉన్న వైద్యుడు లాల్‌పేట్‌కు సహాయం పంపగలిగేది వాటి ఆధారంగానే.

రుసుము చెల్లించే సేవను ఎంచుకునేటప్పుడు ముందే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నిపుణుని అర్హత, నమోదు సంఖ్య ఏమిటి? తెలుగులో మాట్లాడగలరా? ఒక్కో సిట్టింగుకు ఎంత సమయం, ఎంత రుసుము? రాలేకపోతే ముందుగా ఎన్ని గంటలకు తెలపాలి? సంభాషణను రికార్డు చేస్తారా? పది సిట్టింగుల సొమ్ము ఒకేసారి కట్టమని ఒత్తిడి చేసేవారిని, పూర్తిగా నయమవుతుందని హామీ ఇచ్చేవారిని దూరంగా ఉంచాలి. ఒకటి రెండు సిట్టింగులు చూసిన తరువాతే ముందుకు సాగడం మేలు.

రెండు గదుల ఇంట్లో ఏకాంతం

ఇంటి నుంచి మాట్లాడే పద్ధతికి ఇల్లే పెద్ద అడ్డంకి కావచ్చు. రెండు గదులలో ఆరుగురు ఉండే చోట మనసు విప్పి మాట్లాడటం తేలిక కాదు. ఏకాంతాన్ని గదితో కాక సమయంతో సంపాదించుకోవడం ఒక ఉపాయం. ఇంటాయన మొదటి షిఫ్టుకు, పిల్లలు బడికి వెళ్లిన తరువాత దొరికే గంట ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికునికి నిద్ర లేచిన తరువాతి సాయంత్రం ఉంటుంది. షిఫ్టు మారే వారం ముందే నిపుణునికి చెప్పి సమయం మార్చుకోవచ్చు. రాత్రి షిఫ్టు దిగిన వెంటనే, నిద్ర లేని కళ్లతో సిట్టింగుకు కూర్చోవడం మంచిది కాదు.

మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలివారి మాటలు పక్కవారికి వినబడవు. తలుపు బయట ఫ్యాను గానీ, రేడియో గానీ నడుస్తుంటే లోపలి మాట కూడా బయటికి స్పష్టంగా వెళ్లదు. మేడ మీది భాగం, తెలిసినవారి ఖాళీ గది కూడా పనికివస్తాయి. కానీ చంద్రపూర్ ఎండాకాలంలో మధ్యాహ్నం మేడ మీదికి వెళ్లడం ప్రమాదం కనుక ఆ నెలల్లో పొద్దుటి వేళను ఎంచుకోవాలి. ఎవరైనా హఠాత్తుగా గదిలోకి వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు మాటను నిపుణునితో ముందే అనుకోవచ్చు. "బియ్యం ధర ఎంత?" అన్నా చాలు, అవతలివారికి అర్థమవుతుంది.

ఇంటికంతా ఒకే ఫోను ఉన్నచోట సంభాషణ తరువాత కాల్ జాబితాను, సందేశాలను తుడిచివేయడం అవసరం కావచ్చు. ఇంట్లోని మనిషి వల్లే భయం ఉన్న స్త్రీ ఇంటి నుంచి మాట్లాడకపోవడమే మంచిది. అటువంటి వారికి 181 మహిళా సహాయ సేవ, పిల్లలకు 1098 ఉన్నాయి.

నెట్‌వర్క్ బలహీనంగా ఉంటే వీడియో కోసం పట్టుపట్టనవసరం లేదు. మాట మాత్రమే ఉన్న ఫోను సంభాషణ చాలా సందర్భాలలో సరిపోతుంది, డేటా ఖర్చూ తగ్గుతుంది. లైను తెగితే ఎవరు తిరిగి చేయాలో సిట్టింగు మొదట్లోనే అనుకుంటే కంగారు ఉండదు.

పిల్లలను దుబాసీలుగా పెట్టకూడదు

మరాఠీ బడిలో చదివే పిల్లలు ఇంట్లో పెద్దల కోసం బ్యాంకులో, దవాఖానలో మాట్లాడిపెట్టడం వలస కుటుంబాలలో మామూలు విషయం. మనసుకు సంబంధించిన సంభాషణలో మాత్రం ఇది తగదు. చావాలనిపిస్తోందన్న మాటను ఏ తల్లీ కన్నకొడుకు నోటితో చెప్పించలేదు. చెప్పిస్తే ఆ బరువు పన్నెండేళ్ల పిల్లవాడి మీద పడుతుంది. చెప్పకపోతే అసలు విషయమే వైద్యునికి చేరదు. తెలుగు తెలిసిన నిపుణుడు దొరకని పక్షంలో ఆ సమస్యతో సంబంధం లేని, విషయం బయట పెట్టని పెద్దవారిని ఒకరిని తోడు తీసుకోవాలి. పిల్లలు ఫోను కలిపి ఇచ్చి, ఇయర్‌ఫోన్ సర్ది బయటికి వెళ్లిపోతే చాలు. ఆ సాయమే పెద్ద సాయం.

మొదటి సిట్టింగు ఎలా ఉంటుంది?

సాధారణంగా ఒక సిట్టింగు ముప్పావు గంట నుంచి గంట వరకు సాగుతుంది. మొదటిసారి ప్రశ్నలే ఎక్కువగా ఉంటాయి: బాధ ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, తాగుడు, గుట్కా అలవాట్లు ఉన్నాయా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా. చివరి ప్రశ్నకు ఉలిక్కిపడనక్కరలేదు. అది అందరినీ అడిగే ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్నది దాచకుండా చెప్పడమే ప్రాణరక్ష.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి తక్కువే: వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల పేర్లు, పాత మందుల చీటీలు, వారం రోజుల నిద్ర వివరం, తప్పక చెప్పాలనుకున్న రెండు మూడు విషయాలు రాసిన కాగితం, ఒక గ్లాసు నీళ్లు. సిట్టింగు అయిన వెంటనే వంటలోకో, డ్యూటీకో పరుగెత్తకుండా పది నిమిషాలు కూర్చోవడం మంచిది. కొందరికి ఆ రోజు బరువు దిగినట్లు ఉంటుంది, కొందరికి దుఃఖం పైకి వచ్చినట్లు ఉంటుంది. రెండూ మామూలే.

ఒక్క సిట్టింగుతో గుణం కనిపించకపోతే మానివేయరాదు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కూడా సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంచెం తేలికపడగానే వైద్యుని అడగకుండా వాటిని ఆపకూడదు. అయితే మూడు నాలుగు సిట్టింగుల తరువాత కూడా నిపుణునితో మాట కలవకపోతే ఆ సంగతి చెప్పి వేరొకరిని చూసుకోవడం తప్పు కాదు.

రహస్యానికి చట్టం అండ

మాట బయటికి పొక్కుతుందన్న భయం కాలనీ జీవితంలో నిజమైన భయం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఒకరి మాట మరొకరికి చేరడానికి సాయంత్రం కూడా పట్టదు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఈ విషయంలో అండగా ఉంది. చికిత్సకు సంబంధించిన వివరాలను గోప్యంగా ఉంచే హక్కును ఆ చట్టంలోని 23వ సెక్షను ఇస్తుంది. రోగి ప్రాణానికో, ఇతరుల ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు కాపాడటానికి అవసరమైనంత మేరకు చెప్పడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గనిలో పనిచేసే వ్యక్తి 14416కు ఫోను చేస్తే ఆ సంభాషణలో యాజమాన్యానికి పాత్ర లేదు.

అదే చట్టంలోని 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలి, మరో విధంగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో అటువంటి విషయాన్ని దాచి, చికిత్సను ఆలస్యం చేయకూడదు. శారీరక వ్యాధులకు ఇచ్చిన పద్ధతిలోనే మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని 21వ సెక్షను చెబుతున్నది.

ఫోనుతో ఆగకూడని సందర్భాలు

కొన్ని పరిస్థితులలో ఫోను సలహా చాలదు, మనిషిని వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. విషం గానీ, ఎక్కువ మోతాదులో మాత్రలు గానీ మింగినప్పుడు, తనను తాను గాయపరచుకున్నప్పుడు, లేని గొంతులు వినబడుతూ ఇతరులపై తిరగబడుతున్నప్పుడు, రోజుల తరబడి తిండి నీరు ముట్టనప్పుడు 108 అంబులెన్సును గానీ, 112ను గానీ పిలవాలి. చంద్రపూర్‌లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ఎక్కువ కాలం ఆస్పత్రిలో ఉండవలసిన చికిత్సకు నాగపూర్‌లో ప్రాంతీయ మనోరుగ్ణాలయం ఉంది.

తాగుడు విషయంలో ఒక హెచ్చరిక ముఖ్యమైనది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి మాట ఇచ్చి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులలో చేతుల వణుకు, మూర్ఛ, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. అది ప్రాణాపాయం. ఇంట్లోవారు దానిని గాలి సోకిందనో, నాటకమనో అనుకోకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. మానడం మంచి నిర్ణయమే, కానీ వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

చావు మాట ఎత్తిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. తాళ్లు, పురుగుల మందు, మాత్రల డబ్బాలు అందుబాటులో లేకుండా తీసివేయాలి. ఆ మనిషి పక్కన కూర్చునే 14416కు ఫోను చేయాలి.

ఈ వారం చేయదగిన పని

ఎవరికీ ఏ బాధా లేని ఇంట్లో కూడా ఈ రెండు పనులు చేసి ఉంచుకోవచ్చు. 14416 నంబరును ఫోనులో "తెలుగు సలహా" అన్న పేరుతో భద్రపరచడం ఒకటి. చదువు రాని పెద్దలకు ఆ నంబరు ఏమిటో, ఎప్పుడు చేయాలో ఒకసారి విప్పి చెప్పడం రెండవది. ఊరిలో ఉంటే రంది కలిగినప్పుడు వెళ్లి కూర్చోవడానికి అక్కో, మేనత్తో, ఇరుగమ్మో ఉండేవారు. వలస వచ్చిన చోట ఆ అరుగులు తగ్గిపోయాయి. అర్ధరాత్రి కూడా తెలుగులో "చెప్పండి" అనే గొంతు ఒకటి ఉన్నదని తెలిసి ఉండటం, ఇంట్లో అందరికీ అవసరమే.